ఫిర్యాదుల్లేని నెల

మార్చి 4, మంగళవారం

వాళ్ళిద్దరూ ఏదో అనుకునే వచ్చారు ఇవాళ మీటింగుకి. నేను గదిలోకి అడుగుపెట్టేసరికి మాట ఆపేశారు. నన్ను చూసి మాట ఆపేసినవాళ్ళు ఎండల గురించి మాట్లాడుకుంటున్నారంటే నేను నమ్మను.

ఒకరు మా ప్రాజెక్ట్ మేనేజరు. ఆయనకు క్యాలెండర్ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు ఆఫీసంతా అలాగే అంటోంది, ఆయన ఎదురుగా తప్ప. పని ఎంతుందో చూసుకుని తేదీ చెప్పడం లోకంలో పద్ధతి. ఈయన ముందు పైవాళ్ళ దగ్గర తేదీ ఒప్పుకుని వస్తాడు, ఆ తర్వాత అందులో పట్టే పని వెతకమని మా మీద పడతాడు. రెండో ఆవిడ టెస్టరు. మేం రాసిన ప్రతిదాన్నీ విరగ్గొట్టి చూడడం ఆమె ఉద్యోగం. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆమెకు చాదస్తం అని పేరు. అదీ నా చలవే.

టీం లీడ్ పోస్టు ఖాళీ అయి చాలా రోజులైంది. న్యాయంగా అది నాకు రావాలి. ఆమె కన్ను కూడా దాని మీదే ఉందని నా అనుమానం. ఈ మాట ఆఫీసులో ఎవరితో అన్నా సాయంత్రానికి క్యాలెండర్ చెవిలో పడుతుంది. ఇంట్లో చెప్పుకోవడానికి నేనూ నా నాలుగు గోడలూ. అందుకే ఇందులో రాసుకుంటున్నాను.

మార్చి 6

ప్లానింగు. అద్దాల గోడ నిండా రంగు చీటీలు, ఒక్కో చీటీ ఒక్కో పని. ఏ పనికి ఎన్ని రోజులు పడుతుందో అందరం ఒకేసారి అంకె రాసిన అట్టముక్క ఎత్తి చూపించాలి. ఒకరిని చూసి ఇంకొకరు మార్చుకోకూడదని ఆ ఏర్పాటు. నేను మూడు ఎత్తిన ప్రతిసారీ చాదస్తం ఎనిమిది ఎత్తింది. పని నాది, లెక్క ఆమెది. కావాలనే చేస్తోంది, నేను నిదానస్తుణ్ణని పైవాళ్ళకు తెలియాలని.

ఈసారి యాప్‌లో కొత్తగా వచ్చేది నా గంట. మాది మందులు గుర్తుచేసే యాప్. ఇప్పుడున్న పాత గంట టింగుమని ఒకసారి మోగి ఊరుకుంటుంది. నాది అలా ఊరుకునే రకం కాదు. మందు వేసుకున్నానని వేలితో నొక్కేదాకా మోగుతూనే ఉంటుంది. అప్పటికీ నొక్కకపోతే ఇంట్లోవాళ్ళ ఫోనుకి ‘మందు తప్పింది’ అని కబురు పంపుతుంది. అక్కను మనసులో పెట్టుకుని తయారుచేసిన గంట ఇది. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే సొంత పని ఆఫీసు జీతంతో చేసుకుంటున్నాడంటారు.

ఎంత కుదించినా పని ఆ తేదీలో పట్టలేదు. క్యాలెండర్ నా మొహం చూశాడు. సరే అని లేచి, చిన్నాచితకా చీటీలు రెండు తీసి రెండో విడత కిందికి నేనే మార్చాను. ఏవో స్విచ్చులు, ఏవో ఫోన్లు, అంతే. చాదస్తం ఏదో అనబోయింది. క్యాలెండర్ నా భుజం తట్టాడు. ఈయన భుజం తట్టిన ప్రతిసారీ నాకేదో ఒకటి పోతుంది.

రెండో విడత అనేదాన్ని మా ఆఫీసులో ఇంతవరకు కళ్ళతో చూసినవాళ్ళు లేరు. ఉందని మాత్రం అందరం నమ్ముతాం.

మార్చి 12

చాదస్తం నా కుర్చీ వెనక నిలబడింది. కిటికీ వేయడానికి వచ్చిందట.

మార్చి 21, శుక్రవారం

విడుదలైపోయింది. అనుకున్న తేదీకే. కేకు కోశారు. పెద్ద తెర మీద నా గంట మోగించి చూపించారు. క్యాలెండర్ ‘మా టీం’ అన్నాడు, ‘మా వాళ్ళు’ అన్నాడు, ‘అందరం కలిసి’ అన్నాడు. నా పేరు మాత్రం ఆయన నోట్లో ఇరుక్కుపోయింది. పనిగట్టుకుని మానేశాడనే అనిపిస్తోంది.

కేకు తింటుంటే చాదస్తం పక్కకు వచ్చి, మనం ఆఫీసు ఫోన్లలోనే చూశామండి, బయటివాళ్ళ మామూలు ఫోను ఒకటి పట్టుకుని చూద్దాం అంది. అందరూ సంతోషంగా ఉన్న వేళ చూసి మరీ వస్తుంది ఈ మనిషి. నా దగ్గర బ్రహ్మాండంగా మోగుతోందండీ అన్నాను. మీ దగ్గర మోగుతుంది, అది తెలుసు అంది. ఆ ‘అది తెలుసు’ అనడంలో ఉన్న వెటకారం నాకు అర్థం కాకపోలేదు.

మార్చి 23, ఆదివారం

అక్క ఇంటికి వెళ్ళాను. గంట పెట్టి వచ్చాను.

అక్క మొహం మళ్ళీ మనిషి మొహంలా ఉంది. బావ తన కిడ్నీ ఇచ్చి రెండేళ్ళు దాటింది. ఒంట్లో ఉన్నది తనది కాదని ఆ ఒంటికి తెలియకుండా ఉండాలంటే పొద్దున ఒక మందు, సాయంత్రం ఒక మందు, బతికినన్నాళ్ళూ. పొద్దుటిది బావ కాఫీతో పాటు చేతికిస్తాడు. చిక్కంతా సాయంత్రానిదే. ఆ టైముకి బావ షాపులో ఫోటోలకు ఫ్రేములు కట్టుకుంటూ ఉంటాడు, అక్క ట్యూషన్‌కి వచ్చే పిల్లలకు లెక్కలు చెబుతూ ఉంటుంది. లెక్కల్లో పడితే మా అక్కకు ఇల్లు కాలుతున్నా తెలియదు.

ఆమె ఫోన్లో నా అకౌంటు పెట్టి ముందు మోగించి చూపించాను. నాది చేతికి అలవాటు, పాస్‌వర్డు వెతుక్కోనక్కర్లేదు. గంట మొదలయ్యేసరికి బావ రెండు చెవులూ మూసుకుని, చచ్చినవాడు కూడా లేచి మందు వేసుకుంటాడు బావమరిదీ అన్నాడు. అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. తర్వాత మళ్ళీ అక్క అకౌంటు పెట్టి, సెట్టింగుల్లో కొత్త గంట ఎంచి, ఆమె ఫోన్లో అంతకుముందున్న మామూలు అలారం తీసేశాను. రెండు గంటలుంటే మనిషి రెండింటినీ లెక్కచేయడు. కబురు వచ్చే ఫోను నాదే పెట్టాను. అదే టైముకి నా ఫోన్లోనూ ఒక గంట పెట్టుకున్నాను, అక్క మందు వేళ నాకూ తెలియాలని.

“అయితే ఇక నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదంటావా?”

“అక్కర్లేదక్కా. ఆ పని నాది.”

అమ్మ పోయాక నాకు బూట్ల లేసు కట్టడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది అక్కే. దానికి నేను చేసిపెట్టిన పని జన్మలో ఇదొక్కటే. ఇవాళ హాయిగా ఉంది.

మార్చి 31

కొత్త గంట మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. మా యాప్‌లో బొత్తాం రంగు మార్చినా తిట్టేవాళ్ళు ఉంటారు, అలాంటిది ఒక్కటీ లేదు. క్యాలెండర్ ఆ సున్నాను పెద్ద తెర మీద పెట్టి పైవాళ్ళను పిలిచి చూపించాడు. ఈసారి నా పేరు కూడా పలికాడు, సగం.

చాదస్తం మాత్రం మొహం మాడ్చుకుని కూర్చుంది. ఫిర్యాదులు లేని యాప్‌ని నేనింతవరకు చూడలేదండి, నాకు భయంగా ఉంది అంది. ఓర్వలేనితనం అని మొహం మీద అనలేదు, ఇందులో రాసుకుంటున్నాను.

అక్క దగ్గర్నుంచి కూడా తప్పిన కబురు ఒక్కటీ రాలేదు. సాయంత్రం నా ఫోను మోగుతుంది, వేలితో నొక్కుతాను, అక్కడ అక్క కూడా నొక్కుతూ ఉంటుంది కదా అనుకుంటాను. దూరంగా ఉన్నా కలిసి చేసే పని ఇది.

ఏప్రిల్ 3

అక్క ఫోన్ చేసింది. నీ గంట మోగడం లేదురా అంది.

మోగుతోందక్కా, ఇందాకే నా దగ్గర మోగింది అన్నాను. ఏమోరా, నాకు మోగలేదు, నీ గంట మోగుతుందిలే అని కూర్చుంటున్నాను, మోగకపోతే ఇంకా టైం కాలేదేమోలే అనుకుని పిల్లల లెక్కల్లో పడిపోతున్నాను, గుర్తొచ్చిన రోజు వేసుకుంటున్నాను అంది. ఫోను సౌండు తగ్గించి ఉంటావు, చూసుకో అన్నాను. చూసుకుంటానంది.

మోగకపోతే ఆమె నొక్కదు. నొక్కకపోతే నాకు కబురు రావాలి. రాలేదు. కాబట్టి మోగింది, నొక్కింది. ఇందులో తేడా రావడానికి సందేది?

ఏప్రిల్ 9, బుధవారం

నెలనెలా చేసే రక్తపరీక్ష. అక్క రక్తంలో మందు ఉండాల్సినంత లేదట. బావ ఫోన్లో చెప్పాడు. డాక్టరు మందు మానేస్తున్నారా అని అడిగాడట.

నా ఫోను మళ్ళీ చూసుకున్నాను. తప్పిన కబురు ఒక్కటీ లేదు. యాప్ లెక్కన అక్క రోజూ వేసుకుంది. రక్తం లెక్కన వేసుకోలేదు. ఎవరో అబద్ధం ఆడుతున్నారు. యాప్ ఆడదు, నేను రాసింది కాబట్టి నాకు తెలుసు.

ఇంకో దారి ఉంది. గంట మోగగానే ఇంకెవరో నొక్కేస్తూ ఉండాలి. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

రాయడానికే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను. బావ షాపు నుంచి మధ్యలో ఇంటికి రావచ్చు. ఆ మోత భరించలేక నొక్కేసి ఉండొచ్చు. లేదా కిడ్నీ ఇచ్చినందుకు ఇప్పుడు మనసులో ఏదైనా ఉండొచ్చు. మనిషన్నాక ఏముంటుందో ఎవరికి తెలుసు.

ఏప్రిల్ 12, శనివారం

బావ షాపుకి వెళ్ళాను. అద్దం కోస్తున్నాడు. నేను మాటను ఎంత చుట్టు తిప్పినా ఎక్కడికి తీసుకెళ్తున్నానో ఆయనకు తెలిసిపోయింది. కోత ఆపలేదు, చివరిదాకా కోసి, ముక్క విరిచి, బల్ల మీద పెట్టాక మాట్లాడాడు.

“ఇచ్చింది నేను. దాన్ని నేనే పాడుచేసుకుంటానా?”

అబ్బే, అలా కాదు బావా అన్నాను. కాఫీ తెప్పించాడు. తాగకుండా రాలేకపోయాను, తాగుతూ కూర్చోలేకపోయాను.

బావ కాదు. నాకప్పుడే తెలిసింది. అసలు బావని అనుమానించలేదు నేను, అడిగానంతే.

ఏప్రిల్ 15

సెలవు పెట్టి అక్కను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నాకు చెవులేం బాగానే ఉన్నాయిరా అంటూనే వచ్చింది. చెవులకు ఆ పెద్ద డబ్బాలు తగిలించుకుని అద్దాల గదిలో కూర్చుని, శబ్దం వినపడ్డప్పుడల్లా బుద్ధిగా చెయ్యెత్తింది. అవతలివైపు నుంచి చూస్తుంటే స్కూల్లో ఉన్నట్టుంది.

ఏప్రిల్ 16

చెవులు శుభ్రంగా ఉన్నాయి. మరి?

ఏప్రిల్ 20, ఆదివారం

ఇవాళ తాడో పేడో తేల్చుకుందామని వెళ్ళాను. బావ లేని టైము చూసుకుని వెళ్ళాను.

ఆ మందు వల్ల చేతులు వణుకుతున్నాయని, జుట్టు ఊడుతోందని అక్క ఎప్పుడో ఒకసారి అంది. కాబట్టి గంట మోగినప్పుడు నొక్కేసి మందు మానేస్తోంది. మానేసి గంట మీద పెడుతోంది. ఇంతకన్నా వేరే జవాబు లేదు. ఇదే మాట మెత్తగా మొదలుపెట్టాను, చివరికి గొంతు లేచింది. నా గంట అబద్ధం చెప్పదు అన్నాను. ఆఫీసులో అందరికీ మోగుతోంది, ఊరంతటికీ మోగుతోంది, ఒక్క ఫిర్యాదు లేదు, నీ ఒక్కదానికే ఎందుకు మోగదు అని అడిగాను. చెవుల పరీక్ష సంగతి కూడా ఎత్తాను.

అక్క తన ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. నేను మానేయడం లేదురా, ఒట్టు అంది ముందు. నమ్మనన్నట్టు తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఫోను పక్కన పెట్టేసింది.

“మోగే ఉంటుందిలే. పిల్లల గోలలో పట్టించుకుని ఉండను. ఈమధ్య అన్నీ మర్చిపోతున్నాను కదా.”

అదీ, ఆ మాట ముందే అంటే ఇంత రభస ఉండేది కాదు. ఇకనుంచి జాగ్రత్తగా వింటానంది. తల నిమిరి పంపింది. వస్తూ దారిలో నాకు తేలికగా అనిపించాలి. అంతగా అనిపించలేదు, అలసట వల్ల కావచ్చు.

ఏప్రిల్ 22

పొద్దున నిలబడి చేసే మీటింగులో చాదస్తం మళ్ళీ అదే పాట. బయటి ఫోన్లలో కొత్త గంట మోగుతోందా లేదా ఎవరూ చూడలేదని. కొత్తది ఎంచుకున్నవాళ్ళకు పాత గంట ఎలాగూ ఆగిపోతుంది, కొత్తది మోగకపోతే వాళ్ళకు ఏదీ మోగనట్టే అని. అందరి ముందూ. నేను ఒంటికాలి మీద లేచాను. నా పనిలో తప్పు ఉంటే ఇన్ని రోజుల్లో ఒక్కరైనా అడగరా అన్నాను. మోగని గంట మీద ఎవరు ఫిర్యాదు చేస్తారండీ, మోగలేదని వాళ్ళకెలా తెలుస్తుంది అంది. ఎవరో నవ్వారు. నన్ను చూసే.

ఇదో తప్పని ఆమె సిస్టంలో నమోదు చేసిన బగ్గును ‘నా దగ్గర పనిచేస్తోంది’ అని రాసి మూసేశాను. చాలా రోజులుగా చేయాలనుకుంటున్న పని.

మధ్యాహ్నం క్యాలెండర్ లోపలికి పిలిచి, లీడ్ విషయం పైన మాట్లాడానని, వచ్చే నెల మొదట్లో తేలుతుందని చెప్పాడు. భుజం తట్టాడు.

ఏప్రిల్ 25, శుక్రవారం

అక్క హాస్పిటల్లో ఉంది. కాళ్ళు, మొహం పొంగాయి. కిడ్నీని ఒళ్ళు వద్దంటోందట. ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఏప్రిల్ 26, శనివారం

ఇది నిదానంగా రాయాలి.

అక్క నిద్రపోతోంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బావ ఇంటికి బట్టల కోసం వెళ్ళాడు. అక్క ఫోను నా చేతికిచ్చి వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను, ఒక తొడ మీద నా ఫోను, ఇంకో తొడ మీద అక్క ఫోను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే యాప్, ఒకే టైము.

నాది మోగింది. నర్సు గదిలోంచి తల బయటపెట్టి చూసింది. వేలితో నొక్కాను.

అక్కది మోగలేదు.

సౌండు చూశాను, పూర్తిగా పెంచి ఉంది. నెట్టు ఉంది. కొత్త గంటే ఎంచి ఉంది, నేను ఎంచినట్టే. మందు టైము దాటింది, ఇంకా దాటింది. నా ఫోనుకి తప్పిన కబురూ రాలేదు. ఎందుకొస్తుంది? మోగితే కదా తప్పడానికి.

హాస్పిటల్ గోడల వల్లేమో అని మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాను. అక్కడా అంతే.

ఫోన్ చేయడానికి నాకు చాదస్తం తప్ప ఎవరూ తోచలేదు. శనివారం, అయినా ఎత్తింది. ఏ హాస్పిటల్ అని అడిగింది, వచ్చింది. బెంచీ మీద నా పక్కన కూర్చుని రెండు ఫోన్లూ చూసింది. మీది ఆఫీసు అకౌంటు అంది. కొత్త గంట ఇప్పటికి ఆఫీసు వాళ్ళకే మోగుతుంది, బయటివాళ్ళకు మోగాలంటే స్విచ్చు వేయాలి, ఆ స్విచ్చు వేసే చీటీ, బయటి ఫోన్లలో చూసే చీటీ, రెండూ రెండో విడతలో ఉన్నాయి అంది.

అంటే ఆ రోజు అక్క ఇంట్లో మోగింది నా అకౌంటు.

“ఎవరు పెట్టారు వాటిని రెండో విడతలో?”

నిజంగానే అడిగాను. క్యాలెండర్ పేరు వింటాననే అడిగాను. ఆమె నా వైపు చూసింది, నేను ఆట పట్టిస్తున్నానేమో అని.

“మీరేనండి.”

ఏప్రిల్ 27

క్యాలెండర్ ఆ తేదీకి ఒప్పుకోకుండా ఉండాల్సింది. టెస్టరు ఇంకాస్త గట్టిగా చెప్పి ఉండాల్సింది. బావ సాయంత్రం పూట ఒకసారి ఇంటికి వచ్చి చూసుకుని ఉండాల్సింది. అక్క మూడో తారీఖునే గొడవ చేసి ఉండాల్సింది.

ఆమె గట్టిగానే చెప్పింది. అక్క కూడా చెప్పింది.

ఏప్రిల్ 28, సోమవారం

క్యాలెండర్‌కి చెప్పాను. మొహంలో రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. ఎంత పని అని అడిగాడు. ఒక్క నిమిషం అన్నాను. వేసేయండి అన్నాడు. వేశాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆ తర్వాత తలుపు మూసి కూర్చోబెట్టాడు. కొత్త గంట ఎంచుకున్నవాళ్ళు కొద్దిమందే కదా అన్నాడు. బయటికి ‘గంటను మరింత మెరుగుపరిచాం’ అని రాస్తారట. మీ అక్కగారి విషయం చాలా బాధగా ఉంది, కానీ హాస్పిటల్లో మీరు దీని గురించి ఏమీ మాట్లాడకండి, ముఖ్యంగా ఇప్పుడు, లీడ్ విషయం తేలబోతున్న టైములో అన్నాడు. ఈసారి భుజం తట్టలేదు.

సాయంత్రం బావ ఇంకో సంగతి చెప్పాడు. మందు ఎందుకు తప్పింది అని డాక్టరు అడిగితే, గంట మోగిందండీ, నేనే పట్టించుకోలేదు అని అక్క చెప్పేసిందట. డాక్టరు అదే నమ్మాడు. ఈ కిడ్నీ నిలవకపోతే ఇంకొకటి ఎవరికివ్వాలో ఒక కమిటీ కూర్చుని చూస్తుందట. మందులు సరిగ్గా వేసుకోనివాళ్ళ వంతు అన్నిటికన్నా ఆఖర్న వస్తుందట. వచ్చినా రాకపోయినా ఒకటేనంత ఆఖర్న. నా దగ్గర ఇవ్వడానికి ఇంకోటి లేదు బావమరిదీ అన్నాడు బావ. నవ్వుతూ అన్నాడు. నాదేమో అక్కకు సరిపడదని ఇదివరకే పరీక్షల్లో తేలింది.

బావకి అప్పుడే నిజం చెప్పి ఉండొచ్చు. వరండాలో జనం ఉన్నారు.

ఏప్రిల్ 30

ఫిర్యాదులు మొదలయ్యాయి. చెవులు చిల్లులు పడుతున్నాయని, పసిపిల్లలు ఉలిక్కిపడుతున్నారని, ఈ గంట పెట్టినవాణ్ణి నా ముందుకు తీసుకురండని. వచ్చినవన్నీ ఒకటీ వదలకుండా చదివాను. ఒకాయన మర్యాదగా రాశాడు, ఇంతకాలం మీ గంట ఎందుకు మోగలేదు, మా నాన్నగారు దాన్నే నమ్ముకుని ఉన్నారు అని. ఆ నాన్నగారు ఎలా ఉన్నారో రాయలేదు.

మే 1

బావకి చెప్పాను, షాపులో. విన్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండేది. నన్ను అడగడానికి వచ్చావు చూడు ఆ రోజు, అని మాత్రం అన్నాడు. తర్వాత, నాకు కాదు, డాక్టరుకి చెప్పు అన్నాడు.

మే 2, శుక్రవారం

చెప్పాను.

అక్కను చక్రాల కుర్చీలో డాక్టరు గదికి తెచ్చారు. వాపు కొంచెం తీసింది. ఇంజెక్షన్లు పట్టుకున్నట్టే ఉన్నాయని, ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేనని డాక్టరు అన్నాడు. బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను మొదలుపెట్టాను. ఆ యాప్ చేసింది నేనేనని, గంట మోగడానికి వేయాల్సిన స్విచ్చు వేయలేదని, వేయకుండా వాయిదా వేసింది నేనేనని, ఆమె ఫోను ఒక్క సాయంత్రం కూడా మోగలేదని, మోగడం లేదని ఆమె నాకు చెప్పిందని, నేను వినలేదని. వరసగా చెప్పాను, ఎక్కడా ఎవరి మీదా పెట్టలేదు. ఆమె మందు మానేసే మనిషి కాదు డాక్టర్ గారూ, ఆమె మాట మీద ఉన్న మచ్చ తీసేయండి అన్నాను.

డాక్టరు అక్క వైపు తిరిగాడు.

“వాడి మాట పట్టించుకోకండి డాక్టర్ గారూ. చిన్నప్పటి నుంచీ అంతే, నన్ను ఎవరైనా ఒక మాటంటే తన నెత్తిన వేసుకుంటాడు. గంట మోగింది. నేను విన్నాను.”

కాదక్కా అన్నాను. మోగింది అంది. ఎలా మోగుతుందో చేతులు తిప్పుతూ డాక్టరుకి చెప్పింది, ముందు మెల్లగా మొదలై, పెరిగి పెరిగి, చచ్చినవాడు కూడా లేచేలా ఎలా మోగుతుందో. అంతా సరిగ్గానే చెప్పింది. ఆ శబ్దం ఆమె విన్నది ఒక్కసారే, గంట పెట్టిన ఆదివారం నాడు నా అకౌంటుతో.

డాక్టరు బావని అడిగాడు. ఆ టైముకి నేను షాపులో ఉంటాను సార్ అన్నాడు బావ, ఉన్నది ఉన్నట్టు. డాక్టరు నా వైపు చూసి, మీకు మీ అక్కగారంటే ఎంత ప్రేమో అర్థమవుతోంది అన్నాడు. అంత మంచిగా ఎవరూ నన్ను అబద్ధాలకోరు అనలేదు. ఆఫీసు నుంచి మనిషిని తెస్తానన్నాను. తీసుకురండి, చూద్దాం అన్నాడు. అప్పటికే ఇంకొకరి పరీక్షల కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు.

వరండాలో కుర్చీ ఆపి అక్క ముందు కూర్చున్నాను. నన్ను కాపాడడానికి అంటోందా, నిజంగానే అంటోందా తెలియాలి నాకు. రెండు నెలలుగా చూసిన ప్రతి మొహంలోనూ అబద్ధం కనిపెట్టినవాణ్ణి, ఆ మొహంలో ఎంత వెతికినా ఒక్కటి దొరకలేదు.

“అక్కా, నిజం చెప్పు. నువ్వు విన్నావా?”

అక్క ఆలోచించింది. లెక్క తప్పు వచ్చిందన్న పిల్లల ముందు ఆలోచించినట్టే, నుదురు ముడిచి, నిజాయితీగా ఆలోచించింది.

“నువ్వే చెప్పావు కదరా, మోగిందని.”

రేపు టెస్టర్ గారిని తీసుకుని మళ్ళీ వెళ్ళాలి. వస్తానన్నారు, ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. క్యాలెండర్ నుంచి ఫోన్లు వస్తున్నాయి, ఎత్తడం లేదు. డాక్టరు నమ్ముతాడో లేదో తెలియదు. ముందు అక్క నమ్మాలి.